కనుగుడ్డు కదిలితే చెవిలో సప్పుడు

కళ్లు అటూ ఇటూ తిప్పినప్పుడల్లా చెవిలో గరగరమని వినిపిస్తోందని ఎవరైనా చెబితే ఇంట్లోవాళ్లు ముందు నమ్మరు. నమ్మితే భయపడతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇలాంటి మాట బయటికి వచ్చిందంటే ఒకరు గాలి సోకిందంటారు, ఇంకొకరు నరాల వీక్‌నెస్ అంటారు, కాస్త చదువుకున్నవాళ్లు టెన్షన్ వల్ల అలా అనిపిస్తుందని తేల్చేస్తారు. చెప్పిన మనిషి రెండోసారి ఆ మాట ఎత్తడు. డాక్టర్ దగ్గరికి వెళ్లినా "చెవుల గుయ్యిమంటున్నది సార్, తల తిరుగుతున్నది" అని అందరూ చెప్పేదే చెప్పి, నాలుగు రోజుల మాత్రలు రాయించుకుని వస్తాడు. నలుగురూ నవ్వుతారని చెప్పకుండా దాచుకున్న ఆ మొదటి మాటలోనే జబ్బు ఆనవాలు ఉంటుంది.

ఆ జబ్బు సుపీరియర్ కెనాల్ డెహిసెన్స్. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తల ఎటు తిరిగిందో మెదడుకు చెప్పడం వాటి పని. వాటిలో పైన ఉండే నాళానికి, మెదడుకు మధ్య పలచని ఎముక కప్పు ఒకటి ఉంటుంది. కొందరిలో ఆ కప్పుకు కన్నం పడి ఉంటుంది. దానివల్ల ఇన్ని లక్షణాలు పుట్టుకొస్తాయని 1998లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో లాయిడ్ మైనర్, ఆయన సహచరులు మొదటిసారి వివరించారు. అంటే ఈ రోజు సీనియర్లుగా ఉన్న చాలామంది డాక్టర్లు చదువుకునే రోజుల్లో వాళ్ల పాఠ్యపుస్తకాల్లో ఈ జబ్బు లేదు. పేషెంటు చెప్పింది వాళ్లకు వింతగా తోచడానికి అదీ ఒక కారణమే.

కన్నం ఎందుకు పడుతుందనే దానికి కొంత జవాబు శిశువుల ఎముకల్లో దొరికింది. పసిపిల్లల్లో ఈ కప్పు అందరికీ పలచగానే ఉంటుంది, మూడేళ్లు వచ్చేదాకా మెల్లగా మందమవుతూ పోతుంది. కొందరిలో ఆ ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. జాన్స్ హాప్కిన్స్‌లో భద్రపరిచిన 1000 కణత ఎముకలను మైక్రోస్కోపు కింద చూసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 0.5 శాతం ఎముకల్లో నాళం పూర్తిగా తెరుచుకుని ఉంది, మరో 1.4 శాతంలో కప్పు మందం 0.1 మిల్లీమీటరుకు మించలేదు. చిన్నతనంలో మిగిలిపోయిన లోపమే అయినా లక్షణాలు మాత్రం ఎక్కువమందిలో నడివయసులో బయటపడతాయి. పలచటి కప్పు ఏళ్ల తరబడి ఎలాగో నిలుస్తుంది. తలకు దెబ్బ తగిలినప్పుడో, పెద్ద బరువు ఎత్తుతూ గట్టిగా ముక్కినప్పుడో అది పూర్తిగా విడిపోయి, ఆ రోజు నుంచే బాధ మొదలైందని కొందరు తేదీతో సహా చెప్పగలుగుతారు.

ఇంత చిన్న కన్నానికి కంటి కదలిక వినిపించడమేమిటి? దీనికి లోపలి చెవి ఎలా వింటుందో తెలియాలి. కర్ణభేరి మీద పడిన శబ్దం మూడు చిన్న ఎముకల గొలుసు గుండా వెళ్లి, లోపలి చెవికి ఉన్న మొదటి కిటికీని నొక్కుతుంది. లోపల ఉన్నది ద్రవం, నొక్కితే కుదించుకుపోదు. అందుకే ఇంకో చోట రెండో కిటికీ ఉంటుంది, మొదటిది లోపలికి వెళ్తే రెండోది బయటికి ఉబ్బుతుంది. ఈ రెంటి మధ్య ద్రవం కదిలినప్పుడు వినికిడి భాగమైన కాక్లియాలోని రోమకణాలు కదలి, ఆ కదలిక విద్యుత్ సంకేతంగా మారి మెదడుకు చేరుతుంది. ఎముక గోడలు గట్టిగా మూసుకుని ఉండి, రెండే కిటికీలు ఉన్నంతవరకు ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. పై నాళానికి కన్నం పడితే అది మూడో కిటికీ అవుతుంది.

బత్తాయి తోటలో డ్రిప్ పైపుకు మధ్యలో చిల్లు పడితే చివరి చెట్లకు నీళ్లు సరిగా అందవు. బయటి నుంచి వచ్చే శబ్దానికి ఇక్కడ జరిగేది అదే: కాక్లియాకు వెళ్లాల్సిన శక్తిలో కొంత మూడో కిటికీ వైపు జారిపోతుంది. ముఖ్యంగా బొంగురు స్థాయి శబ్దాలు తగ్గి వినిపిస్తాయి. ఒంట్లో పుట్టి ఎముకల మీదుగా వచ్చే శబ్దాల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. మామూలు చెవిలో అవి రెండు కిటికీల మీదా దాదాపు సమానంగా ఒత్తుతాయి కాబట్టి చాలావరకు చెల్లిపోతాయి. మూడో దారి తెరుచుకున్నాక ఆ సమానత్వం పోతుంది, ద్రవం ఎక్కువగా కదులుతుంది, ఎప్పుడూ వినపడని చప్పుళ్లు వినపడటం మొదలవుతుంది.

ఆ చప్పుళ్లు ఎలాంటివో పేషెంట్లు చెప్పిన వర్ణనలు వైద్య పత్రికల్లో చాలానే ఉన్నాయి. సొంత గొంతు తల లోపలే మైకు పెట్టినట్టు మోగుతుంది, అందుకే మాట్లాడటం తగ్గించేస్తారు. గుండె కొట్టుకోవడం చెవిలో దబదబమంటుంది. నడుస్తుంటే మడమ నేలకు తగిలిన ప్రతిసారీ తలలో గుద్దినట్టుంటుంది. మురుకో, అప్పడమో నమిలితే పక్కవాళ్ల మాట వినపడనంత చప్పుడు, కీళ్లు వంచితే కిర్రుమనడం, ఇక రాత్రి నిశ్శబ్దంలో చీకట్లో కళ్లు కదిలించినా గరగర. మంచం మీద పడుకుని పైకప్పు వైపు ఓ మూల నుంచి ఇంకో మూలకు చూపు తిప్పి, చప్పుడు చూపుతో పాటే మొదలై చూపుతో పాటే ఆగుతోందని గమనించిన మనిషి నిజానికి చాలా పక్కాగా ఒక పరీక్ష చేసుకున్నట్టే. కంటి కండరాలు లాగినప్పుడు పుట్టే అదురు పుర్రె మీదుగా ఆ చెవికి చేరుతోంది. ఉన్న శబ్దాన్నే చెవి వింటోంది. అంతకుముందు వినకపోవడం ఎముక పుణ్యం. అతనికి మతి చలించిందనడం అన్యాయం, ఆ మాట అతన్ని ఇంకొన్నేళ్లు వైద్యానికి దూరం చేస్తుంది.

వినికిడి ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుంటారు. కన్నం పడింది తల తిరుగుడును కనిపెట్టే నాళానికి. పెద్ద శబ్దం వచ్చినప్పుడు ఆ నాళంలోని ద్రవం కదులుతుంది, తల తిరిగిందని మెదడు పొరపడుతుంది, కళ్లు దానికి తగ్గట్టు వాటంతటవే పక్కకు జరుగుతాయి. చూస్తున్న వస్తువు ఒక్క క్షణం దుమికినట్టో, ఒరిగినట్టో అవుతుంది. దీనికి టుల్లియో ఫినామినన్ అని పేరు. ఇటలీకి చెందిన శాస్త్రవేత్త పియెట్రో టుల్లియో పావురాల లోపలి చెవి నాళాలకు కన్నాలు పెట్టి, శబ్దం చేస్తే వాటి తలలు, కళ్లు ఆ నాళానికి తగిన దిక్కులోనే కదులుతున్నాయని 1929లో ప్రకటించాడు. మనుషుల్లో అదే కన్నం ఉంటుందని తేలడానికి ఇంకో 70 ఏళ్లు పట్టింది.

దక్షిణ తెలంగాణలో ఇలాంటి చెవితో బతకడం ఎలా ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో భేరీల మోత మధ్య నిలబడ్డ మనిషి కళ్లు తిరిగి పడిపోతే పూనకమో, ఉపవాసమో, ఎండదెబ్బో అనుకుంటారు. పెళ్లి ఊరేగింపులో డీజే ముందు రెండుసార్లు తూలిన కుర్రాడికి తాగుబోతని పేరు పడుతుంది.

శబ్దమే కాదు, ఒత్తిడి కూడా అదే పని చేస్తుంది. దగ్గు, తుమ్ము, మలబద్ధకంతో ముక్కడం, ముక్కు గట్టిగా చీదడం, బరువెత్తడం. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీ బస్తా భుజానికెత్తుకునే ఆ ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడు, తలలో ఒత్తిడి పెరుగుతుంది, లోకం గిర్రున తిరుగుతుంది. దించగానే అంతా సర్దుకుంటుంది. బీపీ చూస్తే బాగానే ఉంటుంది, రక్తం తక్కువగా ఉందేమోనని టానిక్ ఇస్తారు. పాలమూరు నుంచి వలస వెళ్లి తట్టలు మోసేవాళ్లకూ ఇదే పరిస్థితి. అందరికంటే ప్రమాదం గీత కార్మికులకు. తాటిచెట్టు సగంలో మోకు బిగించి ఊపిరి బిగబట్టిన క్షణాన తల తిరిగితే చేయగలిగిందేమీ ఉండదు. చెట్టెక్కే వాళ్లలో ఎవరికైనా బరువుకో, దగ్గుకో, చప్పుడుకో తల తిరుగుతోందంటే, కారణం తేలేదాకా ఎక్కకుండా ఆపడం ఇంటివాళ్ల బాధ్యత. కూలి పోతుందని ఈ విషయంలో మొహమాటపడకూడదు.

తల తిరుగుడు ఎంతసేపు ఉంటోంది అన్న ఒక్క ప్రశ్న చాలా చిక్కు విప్పుతుంది. మూడో కిటికీ జబ్బులో శబ్దమో ఒత్తిడో ఉన్నంతసేపే, అంటే క్షణాలు. మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు నిమిషంలోపు గిర్రున తిరిగి ఆగిపోతే అది ఎక్కువగా లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చే బీపీపీవీ. వినికిడికి దానితో సంబంధం లేదు, తలను ఒక క్రమంలో తిప్పే ఎప్లీ పద్ధతితో చాలామందికి అక్కడికక్కడే తగ్గుతుంది. 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా తిరుగుతూ, వాంతులతో పాటు చెవి బిగుసుకుపోయి హోరు పెడుతుంటే మీనియర్స్ అనే మరో లోపలి చెవి జబ్బును అనుమానించాలి.

మీనియర్స్‌లో కూడా వినికిడి వింతలు తక్కువేమీ కావు. రెండు చెవులకూ ఒకే స్వరం రెండు శ్రుతుల్లో వినిపించవచ్చు. ఫోన్ రింగ్‌టోన్ కుడి చెవికి ఒకలా, ఎడమ చెవికి కాస్త పైస్థాయిలో ఉంటుంది, పాట విన్నంతసేపూ అపస్వరమే. మెల్లగా మాట్లాడితే వినపడదు, కాస్త గొంతు పెంచితే చెవి పగిలినట్టుంటుంది. "ఎందుకు అరుస్తవ్" అని ముసలాయన కసురుకుంటే ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు. రోమకణాలు దెబ్బతిన్న చెవిలో వినపడే హద్దుకు, భరించలేని హద్దుకు మధ్య ఎడం ఇరుకైపోతుంది, అతని విసుగుకు అసలు కారణం అది. ఇలా తల తిరగడం మెదడుకు రక్తం ఎక్కి వస్తుందని ఒకప్పుడు నమ్మేవారు. 1861లో పారిస్‌లో ప్రోస్పర్ మీనియర్ అనే డాక్టర్ అది లోపలి చెవి నుంచే పుడుతుందని వాదించాడు. చెవి జబ్బును తల జబ్బుగా పొరబడటం ఇప్పటిది కాదన్నమాట.

సొంత గొంతు మోగుతోందన్న ప్రతివారికీ కన్నం ఉందనుకోవడమూ తప్పే. చెవిలో గులిమి గట్టిపడినా అలాగే మోగుతుంది; చెవిలో వేలు పెట్టుకుని మాట్లాడితే ఎవరికైనా అది తెలుస్తుంది. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే గొట్టం ఎప్పుడూ తెరుచుకునే ఉండిపోయినవాళ్లకు గొంతుతో పాటు ఊపిరి చప్పుడు కూడా చెవిలో హోరున వినిపిస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. గుండె చప్పుడు ఒక్కటే వినిపిస్తుంటే రక్తనాళాల జబ్బులు కూడా చూడాలి. ఇవన్నీ నిదానంగా తేల్చుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఆగదు: ఉన్నట్టుండి, మూడు రోజుల లోపల ఒక చెవి వినికిడి పడిపోతే అది ఎమర్జెన్సీ. స్టెరాయిడ్ వైద్యం మొదటి రెండు వారాల్లో, అందులోనూ తొలి రోజుల్లో మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ. జలుబు చేసి చెవి మూసుకుపోయిందిలే అని ఊరుకోవడం, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం ఆ రోజుల్ని తినేస్తాయి. చెవిలో పోసిన నూనె చిల్లు లేని కర్ణభేరి దాటి లోపలికి వెళ్లదు, లోపలి చెవికి అది చేసే మేలేమీ లేదు.

నల్లగొండలో ఎముకల మాట వస్తే ఫ్లోరైడ్ మాట వచ్చి తీరుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన నడుములు చూసినవాళ్లు ప్రతి ఎముక జబ్బునూ నీళ్లకు అంటగట్టడం సహజం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ఏకంగా నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది, ఆ బాధ అంతటిది. అయితే ఫ్లోరోసిస్ ఎముకను మందం చేస్తుంది, కీళ్ల దగ్గర కొత్త ఎముకను పెంచుతుంది. ఇక్కడ సమస్య చిన్నతనంలోనే పలచగా మిగిలిపోయిన కప్పు. రెండూ వేర్వేరు దారులు. "నీళ్ల దోషం" అని చెప్పి పంపేస్తే ఆ చెవికి కావాల్సిన పరీక్ష ఎప్పటికీ జరగదు.

పరీక్షల్లో మొదటిది చాలా చవకైనది, ఏ ఈఎన్‌టీ గదిలోనైనా ఉండేది. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి, దాని కాడను పేషెంటు చీలమండ ఎముక మీద ఆనిస్తారు. మామూలు మనిషికి కాలికి అదురు తెలుస్తుంది, అంతే. మూడో కిటికీ ఉన్న కొందరు ఉలిక్కిపడి చెవి వైపు చెయ్యి పెడతారు, ఆ ధ్వని వాళ్లకు చెవిలో వినిపిస్తుంది. కాలి నుంచి తలదాకా ఎముకల వెంట వచ్చిన అదురును ఆ చెవి పట్టేసింది. ఇది అందరిలోనూ పనిచేయదు, కానీ పనిచేసినప్పుడు అది గట్టి సూచన. అర నిమిషం పట్టే ఈ పరీక్షను ఓపీ రద్దీలో కూడా మానకూడదు.

తరువాత ఆడియోమెట్రీ, అంటే వినికిడిని కొలిచే పరీక్ష. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. రిపోర్టులో గాలి ద్వారా వినికిడి గీత కిందికి, ఎముక ద్వారా వినికిడి గీత పైకి ఉండి, బొంగురు స్థాయి శబ్దాల దగ్గర రెంటి మధ్య ఎడం కనిపిస్తుంది. సరిగ్గా ఇలాంటి ఎడమే ఓటోస్క్లెరోసిస్‌లో కూడా ఉంటుంది, అంటే మధ్య చెవిలోని స్టేపిస్ ఎముక బిగుసుకుపోయే జబ్బులో. అదే అనుకుని స్టేపిస్ ఆపరేషన్ చేస్తే వినికిడి బాగుపడదు, ఎందుకంటే ఆ ఎముక బాగానే ఉంది. ఇలా అనవసరంగా ఆపరేషన్ అయిన పేషెంట్ల వివరాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. ఎముక వినికిడిని 0 డెసిబెల్ దగ్గర ఆపకుండా మైనస్ 5, మైనస్ 10 దాకా పరీక్షించమని ఆడియాలజిస్టును అడగాలి. సున్నా దగ్గర ఆపేస్తే మామూలు కంటే మెరుగ్గా వింటున్న సంగతి కాగితం మీదికి రాదు. రెండోది స్టేపిడియల్ రిఫ్లెక్స్ పరీక్ష, అంటే పెద్ద శబ్దానికి స్టేపిస్‌ను పట్టి ఉండే కండరం బిగుస్తోందా అని చూడటం. ఓటోస్క్లెరోసిస్‌లో ఆ రిఫ్లెక్స్ పోతుంది, మూడో కిటికీ జబ్బులో ఉంటుంది. కొన్ని నిమిషాల పరీక్షతో ఒక ఆపరేషన్ తప్పుతుందంటే, అది చేయకుండా ఎవరూ స్టేపిస్ ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు.

వెంప్ అనే ఇంకో పరీక్ష ఉంది. చెవికి శబ్దం వినిపిస్తూ మెడ కండరం మీదో, కంటి కిందో అతికించిన ఎలక్ట్రోడ్లతో బ్యాలెన్స్ అవయవాల స్పందన కొలుస్తారు. ఈ జబ్బులో చిన్న శబ్దానికే స్పందన వచ్చేస్తుంది. దీనికి హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు. మిగతావాటికి మొదటి మెట్టు దగ్గర్లోనే ఉంది: మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్, కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి.

అంతర్జాతీయంగా బ్యాలెన్స్ జబ్బుల వైద్యుల సంఘమైన బారానీ సొసైటీ 2021లో నిర్ధారణ సూత్రాలు ప్రకటించింది. లక్షణం ఉండాలి, మూడో కిటికీని చూపే పరీక్ష ఫలితం ఉండాలి, సీటీ స్కాన్‌లో కన్నం కనిపించాలి. మూడూ కలవాలి, వాటికి ఇంకో జబ్బు మెరుగైన కారణం కాకూడదు. ఇందులో మూడోది ఒక్కటే పట్టుకుని ఆపరేషన్ దాకా వెళ్లడం ప్రమాదం. కప్పు మరీ పలచగా ఉంటే సీటీలో లేనట్టే కనిపిస్తుంది, నిజంగా కన్నం ఉన్నా ఏ బాధా లేని మనుషులూ ఉన్నారు.

వైద్యం బాధను బట్టి. తల తిరుగుడుకు అలవాటుగా రాసే బీటాహిస్టిన్ లాంటి మాత్రలు ఎముకలోని కన్నాన్ని పూడ్చవు. బాధ తక్కువైతే పెద్ద చప్పుళ్లకు, బరువులకు దూరంగా ఉండటం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం, జాతరకో పెళ్లికో వెళ్లేటప్పుడు ఇయర్‌ప్లగ్ పెట్టుకోవడం చాలు. జబ్బు ఇదీ అని తెలిశాక భయం పోయి ఆపరేషనే వద్దనుకునేవాళ్లు ఉంటారు, అది సరైన నిర్ణయమే. గొంతు మోత, తల తిరుగుడు పనికి వెళ్లనివ్వనంతగా ఉంటే ఆపరేషన్‌తో కన్నాన్ని పూడ్చవచ్చు. కణత దగ్గర పుర్రె తెరిచి మెదడును కాస్త పైకి జరిపి చేసేది ఒక దారి, చెవి వెనక ఎముక గుండా వెళ్లేది ఇంకొకటి. పేషెంటు సొంత ఎముక పొడి, కండరం మీది పొర లాంటివాటితో నాళాన్ని మూసేస్తారు. ఆ చెవిలో బ్యాలెన్స్ చూసే అయిదు భాగాల్లో ఒకటి పనిచేయడం ఆగిపోతుంది. కొద్ది రోజులు తూలుడు ఉంటుంది, వ్యాయామాలతో మెదడు దానికి అలవాటు పడుతుంది. కొద్దిమందికి వినికిడి తగ్గే ప్రమాదం ఉంది, అది ముందే అడిగి తెలుసుకోవాలి. రెండు వైపులా కన్నాలున్నవాళ్లు రెండూ మూయించుకునే ముందు మరీ ఎక్కువ ఆలోచించాలి, ఎందుకంటే రెండు నాళాలూ పోతే తల పైకీ కిందికీ కదిలినప్పుడు చూపు నిలకడ తప్పుతుంది.

సీటీ విషయంలో ఒక జాగ్రత్త. తలకు మామూలుగా తీసే సీటీ ఇందుకు పనికిరాదు. ఆ మందపాటి స్లైసుల్లో కన్నం కనిపించకపోవచ్చు, పలచటి కప్పు కన్నంలా కనిపించనూ వచ్చు. కణత ఎముకకు విడిగా, అర మిల్లీమీటరు దరిదాపు స్లైసులతో తీసి, పై నాళం ఉన్న కోణంలో చిత్రాలు మళ్లీ తయారు చేయమని చీటీ మీద రాయించుకోవాలి. స్కానింగ్ సెంటర్‌లో ఫిల్మ్ ఇచ్చి పంపేస్తే ఊరుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోవాలి. ఫిల్మ్ మీద ఉన్న బొమ్మను కోణం మార్చి చూడలేరు. సీడీ ఉంటే కోఠిలోనో, ఇంకెక్కడో సర్జన్ కంప్యూటర్లో ఆ నాళాన్ని తనకు కావాల్సిన కోణంలో తిప్పి చూసుకుంటాడు, మళ్లీ స్కాన్ ఖర్చు, రేడియేషన్ రెండూ తప్పుతాయి.